కొండవెలగాడ లిఫ్టర్ల పట్టు

వెయిట్‌లిఫ్టింగ్‌లో నేల మీంచి లేచే ప్రతి కిలో వేళ్ల మీదుగానే ఒంట్లోకి వస్తుంది. తొడలు, నడుము ఎంత గట్టివైనా వేళ్లు సడలాయంటే ఆ ప్రయత్నం అక్కడితో సరి. విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడ ఈ సంగతిని దగ్గర నుంచి చూడదగిన ఊరు. ఆడపిల్లలూ మగపిల్లలూ చిన్న వయసులోనే బార్ పట్టే పల్లె ఇది. ఇక్కడి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మూడో స్థానంలో నిలిచింది. మొదటి స్థానం పొందిన నైజీరియా లిఫ్టర్ డోపింగ్ పరీక్షలో దొరికిపోవడంతో ఆమె కాంస్యం రజతంగా మారింది. పక్కనున్న శ్రీకాకుళం జిల్లాలోని ఊసవానిపేట కరణం మల్లీశ్వరి సొంతూరు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. ఉత్తరాంధ్ర పల్లెల్లో రాతి సంగిడీలు ఎత్తే పందేలు అంతకు ఎంతో ముందు నుంచీ ఉన్నాయి.

కొత్తగా చేరిన పిల్లలకు ఎత్తడానికన్నా ముందు పట్టుకోవడం నేర్పుతారు. పోటీల బార్ మగవారికి 20 కిలోలు, ఆడవారికి 15 కిలోలు. మందం మగవారిది 28 మిల్లీమీటర్లు, ఆడవారిది 25. దాని ఒంటి మీద గరుకు గీతలుంటాయి. చెమట జారనివ్వకుండా అరచేతులకు మెగ్నీషియం కార్బొనేట్ పొడి రాసుకుంటారు. ఇంత చేసినా బరువు పెరిగేకొద్దీ బార్ వేళ్ల వైపు దొర్లుతూ, నాలుగు వేళ్లనూ విప్పాలని చూస్తుంది. దాన్ని ఆపేది హుక్ గ్రిప్. ముందు బొటనవేలిని బార్ చుట్టూ తిప్పి, దాని మీద చూపుడు వేలినీ నడిమి వేలినీ వేసి బిగిస్తారు. అప్పుడు బొటనవేలు తలుపుకు వేసిన గడియలా పనిచేస్తుంది. బార్ ఎంత దొర్లబోతే బొటనవేలు ఆ రెండు వేళ్ల కింద అంత గట్టిగా ఇరుక్కుంటుంది. నేను చూసిన సాధనలో శిక్షకుడి నోట పదే పదే వినబడిన మాట ఒక్కటే: "బొటనేలు లోపలెట్టు బాబూ, ఏళ్లు మీదెయ్యి." కొత్తల్లో ఈ పట్టు చాలా నొప్పి పెడుతుంది. బొటనవేలి చర్మం కమిలి, గోరు దగ్గర మంట పుడుతుంది. కొన్ని వారాలు తేలికపాటి బరువులతో ఓపికపడితే వేలు అలవాటు పడుతుంది. వేలికి టేప్ చుట్టుకోవడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి.

ఈ పట్టులోని బలం ఎక్కడిదో తెలిస్తే తక్కిన సాధనంతా సులువుగా అర్థమవుతుంది. వేళ్లలో కండరాలు లేవు. నాలుగు వేళ్లనూ ముడిచే పెద్ద కండరాలు ముంజేతిలో ఉంటాయి. వాటి టెండన్లు మణికట్టు మీదుగా వచ్చి వేళ్ల ఎముకలకు అతుక్కుంటాయి. ఒక కండరం వేలి నడిమి కణుపును వంచితే, ఇంకా లోతుగా ఉండేది కొస కణుపును వంచుతుంది. బొటనవేలి సంగతి వేరు. ముంజేతి నుంచి వచ్చే పొడవాటి కండరానికి తోడు, అరచేతి మొదట్లో ఉబ్బెత్తుగా కనిపించే కండల గుంపు దాని సొంతం. అందుకే నాలుగు వేళ్ల బలానికీ బొటనవేలి బలానికీ విడివిడిగా సాధన కావాలి. మణికట్టు కొద్దిగా వెనక్కి వంగి ఉన్నప్పుడు పిడికిలి గట్టిగా బిగుస్తుంది. లోపలికి వంచి బిగించి చూస్తే బలం ఎంత తగ్గిందో ఎవరికైనా తెలుస్తుంది.

హుక్ గ్రిప్ మోసే పట్టు జాతికి చెందింది. జిమ్‌లలో దీన్ని సపోర్ట్ గ్రిప్ అంటారు. ఒకసారి మూసుకున్న చేయి బరువు కింద తెరుచుకోకుండా నిలవడమే ఇందులో పని. చేదతో నూతిలోంచి నీళ్లు తోడేవాళ్లూ, రెండు చేతులా బిందెలు మోసేవాళ్లూ చేసేది ఇదే. సాధన కూడా ఆ దారిలోనే సాగుతుంది. డెడ్‌లిఫ్ట్ (బార్‌ను నేల మీంచి తొడల దాకా ఎత్తి నిలబడడం) పూర్తయ్యాక బార్‌ను వెంటనే దించకుండా పది పదిహేను సెకన్లు నిలబెట్టుకోవడం, రెండు చేతులా బరువులు పట్టుకుని నడవడం, అడ్డకమ్మీకి వేలాడడం సరిపోతాయి. పట్టును పెంచాలంటే హుక్ వేయకుండా మామూలుగా పట్టుకోవాలి. హుక్ బలహీనతను దాచిపెడుతుంది.

స్ట్రాప్‌ల విషయంలో మాత్రం గట్టిగా చెప్పాల్సి ఉంది. మణికట్టుకూ బార్‌కూ చుట్టే ఈ పట్టీలను పోటీల్లో అనుమతించరు. బార్‌ను నేల మీంచి లాగే బరువైన పుల్స్ చేసే రోజున చేతుల చర్మం కాపాడుకోవడానికి సాధనలో వాడడం సబబే. కానీ ప్రతి సెట్‌కూ స్ట్రాప్ కట్టుకునే పిల్లవాడి వీపు, కాళ్లు పెరుగుతాయి గాని పట్టు ఉన్నచోటే ఉండిపోతుంది. పోటీ వేదిక మీద ఆ ఆసరా ఉండదు. క్లీన్‌లో స్ట్రాప్ కట్టడం ప్రమాదం కూడా. బార్ భుజాల మీదికి తిరిగే క్షణంలో చేయి విడిపించుకునే వీలుండాలి.

లిఫ్టర్లకు తెలియకుండానే బలహీనపడేది పించ్ గ్రిప్. బొటనవేలు ఒక పక్క, నాలుగు వేళ్లు మరో పక్క ఉండి, మధ్యలో పలకలాంటి వస్తువు నిలవాలి. బార్‌ను చుట్టే పట్టులో బొటనవేలికి వేళ్ల తోడు ఉంటుంది. ఇక్కడ అది ఒంటరిగా ఎదురు నిలవాలి. డెడ్‌లిఫ్ట్‌లో ఎంతో బరువు మోసేవాళ్లు కూడా నున్నటి ఇనుప ప్లేట్లు రెండింటిని జోడించి లేపబోతే తడబడతారు. సాధనకు ఆ ప్లేట్లే చాలు. రెండు చిన్న ప్లేట్లను నున్నటి వైపులు బయటికి ఉండేలా జోడించి, ఒక చేత్తో లేపి పది నుంచి ఇరవై సెకన్లు నిలపాలి. అది తేలికయ్యాక బరువు పెంచాలి. బార్‌కు తువ్వాలు చుట్టి లావు చేసి ఎత్తితే బొటనవేలికీ, మోసే పట్టుకూ కలిపి పని పడుతుంది. సుమారు 5 సెంటీమీటర్ల మందం దాటితే చాలామంది వేళ్లు బొటనవేలిని అందుకోలేవు. అప్పుడు బరువు సగానికి తగ్గినా చేతికి శ్రమ తగ్గదు.

పిడికిలి బిగించి నలిపే బలం, అంటే క్రష్ గ్రిప్, వెయిట్‌లిఫ్టింగ్‌లో అంతగా అవసరపడదు. ప్రత్యర్థి మణికట్టును దొరకబుచ్చుకునే కుస్తీలో దీని విలువ కనిపిస్తుంది. బజార్లో దొరికే స్ప్రింగ్ గ్రిప్పర్ పెంచేది ఈ ఒక్క బలాన్నే. అది కొన్నంత మాత్రాన పట్టు సాధన పూర్తయినట్టు కాదు. అయిదారు సార్లకు మించి మూయలేనంత గట్టిదాన్ని ఎంచుకుని, చివరిసారి మూసిన చేతిని కొన్ని సెకన్లు అలాగే ఉంచడం మేలు. వందసార్లు టకటకా నొక్కే తేలిక గ్రిప్పర్ ఓర్పును పెంచుతుంది, బలాన్ని కాదు. గ్రిప్పర్ లేనివారికి తడి దుప్పటి పిండడం మంచి సాధన. అందులో మణికట్టు మెలిక కూడా కలుస్తుంది.

వేళ్లను తెరిచే కండరాలు ముంజేతి వెనక వైపు ఉంటాయి. వీటిని దాదాపు అందరూ మరిచిపోతారు. రోజూ మూసే పనే చేసే చేతికి ఎదురు సాధన లేకపోతే మోచేతి దగ్గర నొప్పులు మొదలు కావచ్చు. అయిదు వేళ్ల కొసలకు రబ్బరు బ్యాండ్ వేసి తెరవడం, బకెట్ ఇసుకలోకి చేయి దూర్చి వేళ్లు విప్పడం ఖర్చులేని మార్గాలు. పట్టు సాధన వారానికి రెండు మూడు రోజులు, ఎత్తే పని ముగిశాక చేయాలి. టెండన్లు కండరాల కన్నా నెమ్మదిగా గట్టిపడతాయి కాబట్టి, ఓపిక ఉంది కదా అని బరువు తొందరపడి పెంచకూడదు. చేతులు కాయలు కాయడం ఈ ఆటలో మామూలే. ఆ కాయలను స్నానం తర్వాత రాయితో రుద్ది పల్చన చేసుకోవాలి. పెరగనిస్తే బార్‌కు పట్టి ఊడివస్తాయి, మానేదాకా సాధన ఆగిపోతుంది.

పతకాల జోలికి పోని పెద్దలకూ ఇది కావలసిన బలమే. 17 దేశాల్లో, మన దేశంతో సహా, సుమారు 1,40,000 మందిని గమనించిన ప్యూర్ అధ్యయనం 2015లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. చేతి పట్టు 5 కిలోలు తగ్గిన కొద్దీ మరణించే ముప్పు 16 శాతం ఎక్కువగా ఉన్నట్టు అందులో తేలింది. పట్టు తగ్గడమే మరణానికి కారణమని దీని అర్థం కాదు. ఒంటి మొత్తం బలానికి అది గుర్తు. డైనమోమీటర్ అనే పరికరాన్ని చేత్తో నొక్కించి దీన్ని కొలుస్తారు. కూర్చుని, మోచేయి లంబకోణంలో వంచి నొక్కితే వచ్చిన అంకెల్లో పెద్దదాన్ని తీసుకుంటారు. ఆసియా వాసుల కోసం 2019లో నిపుణుల బృందం పెట్టిన హద్దుల ప్రకారం మగవారికి 28 కిలోల కన్నా, ఆడవారికి 18 కిలోల కన్నా తక్కువ వస్తే పట్టు బలహీనంగా ఉన్నట్టు. అలాంటివారు వైద్యుణ్ణి అడిగి, కుర్చీలోంచి లేచి కూర్చోవడం వంటి కాళ్ల సాధనతో పాటు, నీళ్లు నింపిన చిన్న బకెట్‌ను కొద్దిసేపు చేత్తో పట్టుకుని నిలవడంతో మొదలుపెట్టవచ్చు.