సూర్యలంకలో సోమవారం పొద్దున్న

గుంటూరు మిర్చి యార్డు ఘాటు వెనకబడ్డాక, పొన్నూరు దారిలో వరిచేలు మొదలవుతాయి. దాదాపు 50 కిలోమీటర్లకు బాపట్ల, అక్కణ్నుంచి ఇంకో తొమ్మిదికి సూర్యలంక బీచ్. 2022 ఏప్రిల్ 4న బాపట్ల వేరే జిల్లా అయింది. అయినా మా గుంటూరోళ్లకి సముద్రమంటే ఇప్పటికీ సూర్యలంకే!

మీరు చూసేది ఆదివారం సాయంత్రం బీచ్. నేను సోమవారం ఆరింటికి వెళ్లా. ఇసుక నిండా బిర్యానీ డబ్బాలు, నీళ్ల సీసాలు, చిప్స్ ప్యాకెట్లు. వాటి మధ్య కొంగు నడుముకి బిగించి, గోతాలు పట్టుకుని ఏరుతున్న ఆడవాళ్లు. ఇసుకలో దిగిన గాజుపెంకు చీపురుకి రాదు, చేత్తోనే తీయాలి. బీరు సీసా పగలగొట్టే సరదా ఒకరిది, తెగే వేలు ఇంకొకరిది.

చెత్త పనివాళ్లకు గ్లవ్స్, మాస్కులు, సరైన చెప్పులు ఇవ్వాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. నేను చూసినవాళ్లలో చాలామందివి ఉత్తి చేతులే.

ఊళ్లలో ఈల వేసుకుంటూ రిక్షాతో వచ్చే గ్రీన్ అంబాసిడర్లలోనూ ఆడవాళ్లున్నారు. వాళ్లు తెచ్చిన తడి చెత్త 'చెత్త నుంచి సంపద' కేంద్రాల్లో వర్మీకంపోస్టు అవుతుంది. మిరప చేనుకైనా, పత్తి చేనుకైనా వేసుకోవచ్చు. కానీ మనం అన్నీ కలిపేసి ఇస్తే? మెతుకులంటిన ప్లాస్టిక్‌ని పాతసామాన్లవాళ్లు కొనరు, ప్లాస్టిక్ ముక్కలున్న ఎరువు రైతు వేయడు. మళ్లీ కూర్చుని విడదీయాల్సింది ఆ చేతులే. అందుకే తడి, పొడి వేరుగా ఇవ్వమంటారు. వాడిన శానిటరీ ప్యాడ్లు భద్రంగా చుట్టి ఇవ్వాలని కూడా ఆ నిబంధనలు చెప్పాయి.

జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు వస్తాయి. ఒక్కో తల్లి ఇసుక తవ్వి దాదాపు 100 గుడ్లు పెడుతుంది. అటవీ శాఖ వాటిని హేచరీల్లో పొదిగించి, పిల్లల్ని సముద్రంలోకి వదులుతుంది. నీళ్లలో తేలే కవర్‌ని జెల్లీఫిష్ అనుకుని తాబేళ్లు మింగుతాయి. అంటే పొద్దున్నే గోతంలోకి వెళ్లిన ప్రతి కవరూ వాటికి తప్పిన గండమే.

కార్తీక పౌర్ణమి స్నానాలకు ఇక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం. ఈసారి వెళ్తే దీపం అరటి దొప్పలోనే వదలండి, థర్మాకోల్ వద్దు. తాగిన సీసా తిరిగి బండిలో పెట్టుకోండి. మీ గ్యాంగ్‌లో సీసా పగలగొట్టే వీరుడుంటే మాత్రం, చెయ్యి పట్టుకుని ఆపండి బాస్!