ఊపిరి బిగబట్టకండి!

మా బొబ్బిలి పేరు చెప్పగానే ఎవరికైనా వీణ గుర్తొస్తుంది, యుద్ధం గుర్తొస్తుంది. సముద్రం మాత్రం గుర్తు రాదు. మాకున్నవి చెరువులే మరి! ఈత అక్కడే నేర్చుకున్నాం. ఎక్కువసేపు మునిగి ఉన్నవాడే ముఠాకి హీరో. సినిమాల్లో కథానాయకుడు నీళ్లలో ఊపిరి బిగబట్టి విలన్లను చితక్కొడుతుంటే, 'ఇదేం గొప్ప!' అనుకునేవాణ్ణి.

ఆ గొప్పే ఒకనాడు నా ప్రాణం మీదికి తెచ్చింది.

విశాఖ దగ్గర రుషికొండలో స్కూబా డైవింగ్ నేర్పుతారంటే వెళ్లాను. వీపున గాలి సిలిండరు, కళ్లకీ ముక్కుకీ అద్దాల తొడుగు, నోట్లో గొట్టం. గురువుగారు ఒడ్డునే చెప్పారు: "ఏం జరిగినా సరే, ఊపిరి ఆపకూడదు." బుద్ధిగా తలూపాను. ఆరు మీటర్ల లోతున తొడుగులోకి నీళ్లు చేరాయి. అంతే! పాఠం పోయి చెరువు గుర్తొచ్చింది. ఊపిరి బిగబట్టి పైకి ఎగరబోయాను. ఆయన గబుక్కున నన్ను పట్టుకుని, తను బుడగలు వదిలి చూపించారు. నేనూ వదిలాను. బతికాను.

ఒడ్డుకొచ్చాక, "ఏటండీ, ఊపిరాపేసినారు? ఊపిరితిత్తులు చిరిగిపోవా?" అని చీవాట్లు పెట్టారు.

కారణం తేలికే. పది మీటర్ల లోతున ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు. అక్కడ సిలిండరు నుంచి పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెండింతలవుతుంది. దానికి దారివ్వకపోతే ప్రమాదమే. చెరువులో ఈ బాధ లేదు. పైన పీల్చిన గాలితోనే మునుగుతాం గనక, తేలాక అది పాత కొలతకే వస్తుంది.

కొత్తవారికి మరో నాలుగు మాటలు. దిగేటప్పుడు చెవులు నొప్పెట్టక ముందే ముక్కు మూసి మెల్లగా గాలి ఊదండి, వీణ తీగ బిగించినట్టు కొద్దికొద్దిగా. జలుబుంటే ఆ రోజు దిగనే వద్దు. అంతా బాగుంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టండి. బొటనవేలు పైకెత్తితే నీళ్లలో 'భేష్' అని కాదు, 'పైకి పోదాం' అని! పైకి రావడం కూడా నిమిషానికి తొమ్మిది మీటర్లకు మించకూడదు.

అన్నట్టు, ఈ గాలి పరికరాన్ని 1943లో ఫ్రాన్సులో గాన్యాన్‌తో కలిసి రూపొందించిన కూస్తో సినిమా మనిషి కూడా! ఆయన లూయీ మాల్‌తో కలిసి తీసిన 'ది సైలెంట్ వరల్డ్' 1956లో కాన్ చిత్రోత్సవంలో అగ్ర బహుమతి కొట్టేసింది.

మర్నాడు మళ్లీ దిగాను. ఈసారి బుడగలు వదులుతూనే ఉన్నాను. ఊపిరి బిగబట్టడమంటారా? అది సినిమా హాల్లో క్లైమాక్సుకి దాచుకున్నాను!