గురి ఎక్కడ తప్పుతోంది?

మొదటిరోజు యాభై గజాల దూరంలో కాగితం పెట్టి పది తూటాలు పేల్చాను. వెళ్ళి చూస్తే పది చిల్లులూ అరచెయ్యంత మేర చెల్లాచెదురుగా ఉన్నాయి. టేపు పెట్టి కొలిస్తే మూడున్నర అంగుళాలు. సెకండ్‌హ్యాండ్‌లో రెండొందల డాలర్లకి కొన్న రైఫిల్, ఇంతకన్నా ఏమొస్తుందిలే అనుకున్నాను. తప్పు వస్తువుది అనుకోవడంలో ఒక సుఖం ఉంది. ఇంకో వస్తువు కొంటే తీరిపోతుంది.

అది రూగర్ 10/22. 1964 నుంచి అమెరికాలో తయారవుతోంది. సన్నటి .22 తూటా, పది పట్టే గుండ్రటి మ్యాగజీన్. సెమీ ఆటోమేటిక్. అంటే ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక్కటే పేలుతుంది. ఆ పేలుడు బలానికే ఖాళీ తొడుగు బయటికి ఎగిరిపడి, తర్వాతి తూటా వచ్చి దాని చోట్లో కూర్చుంటుంది. ఇక్కడ టెక్సస్‌లో పిల్లలకి గురి నేర్పడానికి చాలామంది ఇలాంటిదే వాడతారు.

నాకెందుకంటే, గుంటూరులో డిగ్రీ చదివే రోజుల్లో ఎన్‌సిసి క్యాంపులో ఐదంటే ఐదు తూటాలు ఇచ్చారు. నేలమీద బోర్లా పడుకుని, .22 బోల్ట్ రైఫిల్‌తో. నా ఐదూ ఒకదాని పక్కన ఒకటి పడ్డాయి. 'గ్రూపింగ్' అన్న మాట అప్పుడే విన్నాను. నడిమధ్యలో కొట్టడం తర్వాత సంగతి, ముందు అన్నీ ఒకేచోట పడాలి. ఇరవయ్యేళ్ళుగా ఆ కాగితం నా బుర్రలో వేలాడుతూనే ఉంది. గ్రీన్ కార్డు వచ్చిన ఏడాది వెళ్ళి ఇది కొన్నాను.

మా ఆవిడ ససేమిరా అంది. మా అమ్మాయి స్కూల్లో లాక్‌డౌన్ డ్రిల్ చేయిస్తారు. లైట్లు ఆర్పి, తలుపు తాళం వేసి, పిల్లలు గోడవారగా నోరెత్తకుండా కూర్చోవాలి. "అది అక్కడ దాక్కోవడం నేర్చుకుంటుంటే, నువ్వు ఇంట్లోకి తుపాకీ తెస్తావా?" అంది. నా దగ్గర జవాబు లేదు. వారం రోజుల తర్వాత రెండు షరతుల మీద దిగొచ్చింది. రైఫిల్ ఒక పెట్టెలో, తూటాలు ఇంకో పెట్టెలో, రెండింటికీ తాళాలు. ఇక దీనిమీద యాభై డాలర్లు మించి ఒక్క పైసా ఖర్చు పెట్టకూడదు.

ఆ రెండో షరతు లేకపోతే నేను కొత్త బారెల్, కొత్త ట్రిగ్గర్, కొత్త స్టాక్ కొనేసి, రైఫిల్ ధరకి రెండింతలు వదిలించుకునేవాణ్ణి. డబ్బుల్లేక ఒక్కో అనుమానం తీర్చుకుంటూ పోయాను. నియమం ఒకటే: ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చిన ప్రతిసారీ పది తూటాలు పేల్చాలి. మూడు తూటాలతో వచ్చే గ్రూప్ ఫోటోకి బాగుంటుంది, అదృష్టం కొద్దీ చిన్నదిగా వస్తుంది. పదింటి దగ్గర అదృష్టం అయిపోతుంది. 'ఆ ఒక్కటీ పొరపాటున పోయిందిలే' అని లెక్కలోంచి తీసేయడం కూడా కుదరదు. పొరపాటు ఎంతో తెలుసుకోవడానికే కదా కొలిచేది!

మొదట ఆసరా. పాత జీన్స్ కాలు కత్తిరించి, పురుగుపట్టిన బియ్యం నింపి కుట్టాను. రైఫిల్ దానిమీద కుదురుగా కూర్చుంది. తర్వాత స్క్రూలు. ఈ రైఫిల్లో లోహపు భాగం చెక్కకి ముఖ్యంగా ఒక పెద్ద స్క్రూతో అంటిపెట్టుకుని ఉంటుంది. అది వదులైతే ప్రతి పేలుడుకీ కొంచెం కొంచెం జరుగుతుంది. నాకు అమ్మినాయన ఎప్పుడో విప్పి సరిగ్గా బిగించలేదు కాబోలు, వేలితోనే తిరిగింది. బిగించాక గ్రూపు రెండున్నర అంగుళాలకి వచ్చింది. ఖర్చు సున్నా.

తర్వాత శుభ్రం చేయడం. దీని బారెల్లోకి వెనకనుంచి కడ్డీ దూర్చే వీల్లేదు. ముందునుంచి దూరిస్తే గొట్టం చివరి అంచు అరుగుతుంది. తూటా ఆఖరుగా తాకేది ఆ అంచునే. అది ఒకపక్క అరిగితే తూటా వంకరగా బయటపడుతుంది. పన్నెండు డాలర్లు పెట్టి లోపలినుంచి లాగే తాడు కొన్నాను. ఎన్‌సిసిలో పుల్‌త్రూ అనేవాళ్ళం. దానికి కట్టే గుడ్డపీలిక చిందీ. పేరు గుర్తుకు రాగానే నూనె వాసన కూడా గుర్తొచ్చింది.

మిగిలిన డబ్బులన్నీ తూటాలకే. ఐదు రకాలు, ఒక్కో పెట్టె. చవగ్గా డబ్బాల్లో వచ్చే వేగం తూటా ధ్వనికన్నా ముందు పరిగెత్తి, దారిలో మళ్ళీ ఆ వేగం కిందికి దిగేటప్పుడు కాస్త తడబడుతుంది. సెకనుకి 1070 అడుగుల దగ్గర బయల్దేరే 'స్టాండర్డ్ వెలాసిటీ' రకానికి ఆ గొడవ లేదు. నా రైఫిల్‌కి అదే నచ్చింది. ఒకటీముప్పావు అంగుళం. నలభై ఆరు డాలర్లు అయిపోయాయి.

అక్కడ ఆగిపోయింది. ఇక ట్రిగ్గర్‌దే తప్పు అని తేల్చుకున్నాను. దాన్ని లాగడానికి ఐదారు పౌన్లు బలం కావాలి. మొత్తం రైఫిలే ఐదు పౌన్లుంటుంది. కొత్త ట్రిగ్గర్ కోసం బడ్జెట్ పెంచమని అడిగితే, "అసలక్కడ నువ్వేం చేస్తావో నేను చూడాలి" అని మా ఆవిడ బయల్దేరింది.

రేంజ్‌లో ఒక పెద్దాయన మాకు పాత చిట్కా ఒకటి చెప్పాడు. గోడకి స్క్రూ బిగించేటప్పుడు కన్నంలో పెట్టే పసుపుపచ్చ ప్లాస్టిక్ ప్లగ్గు .22 తూటా చోట్లో సరిగ్గా పడుతుందట. రైఫిల్ ఇసుకదిబ్బ వైపే ఉంచి నేను మొహం తిప్పుకోవాలి. మా ఆవిడ తూటా అయినా పెట్టొచ్చు, ప్లగ్గు అయినా పెట్టొచ్చు. ఏది పెట్టిందో నాకు తెలీదు. నాలుగోసారి ట్రిగ్గర్ లాగితే 'టిక్' మంది, అంతే. పేలుడు లేదు. కానీ గొట్టం చివర గబుక్కున కిందికి దిగింది. నాకే కనిపించింది.

"నువ్వు కళ్ళు మూసుకుంటున్నావు" అంది మా ఆవిడ.

నేను నమ్మలేదు. ఈ తూటాకి భుజాన్ని తన్నే బలం కూడా ఉండదు. ఇంకో ఐదుసార్లు చేశాం. ప్రతిసారీ మూసుకున్నాను. పేలుతుందన్న ఊహకే ముందుగా బిగుసుకుపోతున్నాను. మ్యాగజీన్‌తో గబగబా పేల్చేటప్పుడు అది తెలీదు. ఒకటి తప్పితే తర్వాతది సిద్ధంగా ఉంటుంది. ఆ వీలే నా తప్పుని ఇన్నాళ్ళూ దాచింది. క్యాంపులో ఐదే ఉన్నాయి కాబట్టి ఒక్కోదానికీ ఊపిరి బిగబట్టి ఆగాను.

ఆ నెలంతా పేల్చినవాటికన్నా 'టిక్'లే ఎక్కువ. నెలాఖరుకి పది తూటాలూ అంగుళంపావులో పడ్డాయి. ట్రిగ్గర్ పాతదే.

ఆ కాగితం ఫ్రిజ్‌కి అంటించాను. మా అమ్మాయి చూసి, "మా డ్రిల్ ఇలాంటిదానికోసమేనా?" అని అడిగింది. ఇది చిన్నది, ఇది వేరు, ఇది ఆట అని చెప్పడానికి నోరు తెరిచాను. వంటింట్లో చప్పుడు ఆగింది. "పనిచేసే పద్ధతి అదే, అమ్మలూ" అన్నాను. కాసేపు ఆ కాగితం వంక చూసి, వెళ్ళి హోంవర్క్ చేసుకుంది.

కాగితం తీసేశాను. రైఫిల్ అమ్మలేదు. అమ్మాలా వద్దా అన్నది మేమిద్దరం ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నాం. రేంజ్‌కి వెళ్ళినప్పుడు మాత్రం మ్యాగజీన్ ఇంట్లోనే వదిలేసి, ఒక్కొక్క తూటా చేత్తో పెట్టుకుంటున్నాను.