వార్తల రాకపోకలు

2018వ సంవత్సరము అక్టోబరు 10వ తేది సాయంకాలమున కవిటిలో ఒక వృద్ధురాలు తన మనుమని సెల్‌ఫోను నా చేతికిచ్చి, "మాస్టారూ, ఇందులో ఏటి రాసినారో చదివి చెప్పండి బాబూ" అనెను. అది తుపాను హెచ్చరిక. గాలి గంటకు ఇన్ని కిలోమీటర్ల వేగముతో వీచుననియు, సముద్రము కల్లోలముగా నుండుననియు, ప్రజలు అప్రమత్తులై యుండవలెననియు అందులో గలదు. నేను తరగతిలో పాఠము చదివినట్లు బిగ్గరగా చదివితిని. ఆమె యంతయు శ్రద్ధగా విని, "అయితే మా పాక నిలుస్తాదా, నిలవదా?" అని యడిగెను. ఆ సందేశములో దానికి జవాబు లేదు. అడిగినదానికి గాక తమకు దోచినదానికి ఉత్తరము చెప్పు ఉపాధ్యాయులను గూర్చి మా శిక్షణ కళాశాలలో గురువులు పలుమారులు హెచ్చరించెడివారు. "నిలువదమ్మా, రాత్రికి బడికి వచ్చివేయుడు" అంటిని. ఆమె వచ్చెను.

మరునాడు తెల్లవారుజామున నాలుగున్నర, అయిదున్నర గంటల నడుమ తుపాను పలాస సమీపమున తీరము దాటెను. గాలివేగము 140, 150 కిలోమీటర్లు. పాకిస్తాను దేశము దానికి పెట్టిన పేరు తిత్లీ, అనగా సీతాకోకచిలుక. మన తోటలలో ఎన్ని సీతాకోకచిలుకలను చూడలేదు! ఒక్కటియైనను కొబ్బరిచెట్టును కూల్చి యెరుగదు. ఉద్యానమను మాటనుండియే ఉద్దానమను పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. తెల్లవారి చూచునప్పటికి ఆ పేరు మాత్రమే మిగిలినట్లుండెను. కొబ్బరి, జీడిమామిడి, పనస అన్నియు నేలమీదనే యుండెను.

హెచ్చరికలను నేను తక్కువచేయను. 1977 నవంబరు 19వ తేదిన దివిసీమలో ఉప్పెన వేలకొలది ప్రాణములను గొనిపోయెను. మన తీరమున అట్టి విపత్తు కలుగకపోవుట దేవుని కృపయే; ముందుగా తెలియుటయు ఆ కృపలోనిదే. నా మనస్సును బాధించినది అటుపిమ్మటి సంగతి. గాలి రాకమునుపు గంటగంటకు మాకు వార్తలు వచ్చెను. గాలి వెళ్లిన వెనుక, మేము మాటాడవలసిన సమయమున, స్తంభములు కూలి, టవర్లు మూగవోయెను. లోపలికి వచ్చిన త్రోవను వార్త వెలుపలికి పోలేదు.

మన గ్రామములనుండి ఎందరు కూలిపనులకై దూరదేశములకు పోయియున్నారో మీకు తెలియును. వారికి టీవీలో కూలిన చెట్లు కనబడుచుండెను; తల్లి కంఠము వినబడకుండెను. ఇక్కడి తల్లులకో, కుమారుల నంబర్లే తెలియవు. అవి యన్నియు ప్రాణములేని ఫోనులలోనే యుండెను. అప్పుడు మాకు బడిలోని అడ్మిషను రిజిస్టరు జ్ఞాపకము వచ్చెను. తడిసిన పుటలను విప్పి, సిరాతో వ్రాసిన నంబర్లను చీటీలమీది కెక్కించితిమి. నేనొకరి మోటారు సైకిలు వెనుక కూర్చుండి, రహదారి కడ్డముపడిన చెట్లను దాటుచు, ఫోను పలుకు చోటికి చేరితిని.

"అమ్మ క్షేమము, అందరును క్షేమము" అని ఒక్కొక్కరికి చెప్పుచు పోయితిని. మన పూర్వవిద్యార్థి యొకడు మాత్రము నమ్మలేదు. "అందరూ అలాగే చెబుతారు మాస్టారూ" అని ఊరకుండెను. ఒక చీటీ కుమారునికి కాదు, ఆసుపత్రికి: డయాలిసిస్ యంత్రము నడచుచున్నదా, మా నాయనకు రేపు వంతు, అని. ఉద్దానములో మూత్రపిండముల వ్యాధి యున్న యిండ్లలో ఆ ప్రశ్న కెంత బరువో వేరుగ చెప్పనక్కరలేదు. జనరేటరుమీద నడచుచున్నది, తీసికొని రమ్మనిరి. ఆ రెండు మాటలను జేబులో బంగారమువలె దాచుకొని తిరిగివచ్చితిని.

మరునాడు ఆ నమ్మని కుమారుని తల్లియొద్దకు పోయి, ఏమి చెప్పమందువని యడిగితిని. ఆమె క్షణమాలోచించి, "ఎర్రావు ఈనింది, పెయ్యదూడ, ఇల్లు పోయింది గాని గొడ్లు బతికినాయి, అని చెప్పండి" అనెను. ఆ మాటలను ఉన్నవున్నట్లు ఫోనులో చెప్పితిని. అతడు చాలసేపు పలుకలేదు. పిదప ఏడ్చుచునే, "అది మా అమ్మ మాటే మాస్టారూ" అనెను.

నాటినుండి క్రొత్త సాధనమేది వచ్చినను, ఇది వినిపించుటకేనా, వినుటకుగూడనా యని చూచుట నాకలవాటైనది. తీరమునుండి పది పండ్రెండు కిలోమీటర్లు దాటినచో సెల్‌ఫోను పనిచేయదు. అందుచేత 2019లో జెమిని యను పరికరమును మత్స్యకారులకై ప్రవేశపెట్టిరి. ఉపగ్రహముద్వారా తుపాను కబుర్లు, చేపలు దొరకు తావులు పడవలోనే తెలియును. మంచిదే, కాని పడవలోనివాడు బదులు పలుకుటకు వీలులేదు. 2023లో సెల్‌ఫోనులలో పెద్ద మ్రోతతో వచ్చిన ప్రయోగ హెచ్చరికలును అట్టివే. 2024లో ఇస్రోవారు ప్రకటించిన క్రొత్త పరికరములో పడవనుండి ఆపద వార్త పోవుటయే గాక, అందినదను జవాబుగూడ వచ్చునట. అది చదివి నేను సంతసించితిని. ఇంతకంటె ముందే, 2008లో, జహీరాబాదు ప్రాంతమున మాచునూరులో పల్లె స్త్రీలు సంఘం రేడియో నెలకొల్పి తమ విత్తనములను గూర్చి, వానలను గూర్చి తమ యాసలోనే తాము మాటాడుకొనిరి. పట్టణమువారు చెప్పినది విను రేడియో గాదది. అట్టిది మన తీరమున నున్నచో ఆ వృద్ధురాలి ప్రశ్నకు ఎవరో యొకరు జవాబు చెప్పియుందురు.

ఇప్పుడు ప్రతి జూన్ మాసమున నా తరగతిలోని పిల్లలచేత ఇంటివారి నంబర్లను రిజిస్టరు చివరి పుటలలో సిరాతో వ్రాయించుచున్నాను. ఎర్రావు కథ వారికి తెలియును. ఈ యేడు ఒక బాలిక తన తండ్రి నంబరు ప్రక్కనే తమ మేకల పేర్లు నాలుగు వ్రాసియుంచెను. నేను కొట్టివేయలేదు.