ఆ చిన్న పెట్టెలో మా నాయనగారి గొంతు

గానప్రియులలో ఒక తెగవారు కలరు. పాటను గూర్చి ఎంత ముచ్చటింతురో, ఆ పాటను వినిపించు స్పీకరును గూర్చియు వారు అంత ముచ్చటింతురు. ఒకరు 1946లో అమెరికాలో పాల్ క్లిప్ష్ గదిమూలకు చేర్చి నిలుపునట్లు నిర్మించిన పెద్ద కొమ్ముబూర స్పీకరును మెచ్చుకొందురు. స్వల్పశక్తితోనే కచ్చేరి నంతటిని కన్నులయెదుట నిలుపుననుట వారి వాదము. వేఱొకరు 1957లో ఇంగ్లండున వెలువడిన క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్ స్పీకరును తప్ప మఱొకదాని నంగీకరింపరు. దానిలో కాగితపు శంకువు లేదు. పలుచని పొర మాత్రము విద్యుద్బలముచే కదలి పలుకును. జీవితమంతయు గుమాస్తాగా లెక్కలు వ్రాసిన నేను ఈ వాదములను నవ్వుచు వినెడివాడను. ఆ నవ్వు ఎట్లు ఆగెనో మనవి చేసెదను.

మాది మూడు తరములుగా బెంగళూరిలో స్థిరపడిన కుటుంబము. బడిలో నేను చదివినది కన్నడము. తెలుగు నాకు మా నాయనగారి నోటినుండియే అబ్బినది. ఆయనకు పోతనగారి గజేంద్రమోక్షము కంఠస్థము. 1984లో ఒక సాయంకాలము, ఎరువు తెచ్చిన టేపు రికార్డరు ముందు ఆయనను కూర్చుండబెట్టి ఆ పద్యములను కేసెట్టులో పట్టితిని. తరువాత మూడేండ్లకు ఆయన గతించిరి. పిమ్మట మా అమ్మయు వెడలిపోయెను.

1996లో ఎస్.పి. రోడ్డునందలి ఒక అంగడిలో 12 అంగుళముల స్పీకర్లు గల రెండు పెద్ద పెట్టెలు కొని, ముందు గది రెండు మూలలను నింపితిని. సినిమా పాటకు డోలు మ్రోగినపుడు కిటికీలు అదరెడివి. అదియే గొప్ప అనుకొంటిని. కాని నాయనగారి పద్యము పెట్టినచో బావిలోనుండి పలికినట్లుండెడిది. టేపు పాతదగుటచే నట్లున్నదని సరిపెట్టుకొంటిని. ఒకనాడు మా మనుమడు, “తాతా, ముత్తాత ఏనుగు అంటున్నాడా, మొసలి అంటున్నాడా?” అని అడిగెను. కరియు మకరియు వానికి ఒకే గర్జనగా వినబడుచుండెను. నాకు పద్యము వచ్చును గనుక లోపము తెలియలేదు. వానికి రాదు గనుక తెలిసినది.

2023లో, ఆకాశవాణిలో ఇంజనీరుగా పనిచేసి విరమించిన ఒక కన్నడ మిత్రుని యింటికి ఆ కేసెట్టుతో పోయితిని. ఆయన గదిలో రెండు చిన్న పెట్టెలు పీటలపై నుండెను; ఒక్కొక్కటి 12 అంగుళముల ఎత్తు, ఏడున్నర అంగుళముల వెడల్పు. పేరు ఎల్.ఎస్. 3/5ఎ. మా పెట్టెలయెదుట అవి అగ్గిపెట్టెలవలె నుండునని లోలోన నవ్వుకొంటిని.

ఆయన వాని కథ చెప్పిరి. బయటి కార్యక్రమములను ప్రసారము చేయు బండ్లలో పెద్ద స్పీకర్లకు చోటు లేనందున, బి.బి.సి. పరిశోధకులు 1970ల మొదటిలో ఈ చిన్నదానిని రూపొందించిరి. 5 అంగుళముల ప్లాస్టిక్కు శంకువు ఒకటి, ముప్పాతిక అంగుళపు చిన్న గుమ్మటము ఒకటి. ఇంచుమించు 3,000 హెర్ట్జుల యొద్ద ఒకటి విడిచినదానిని వేఱొకటి అందుకొనును. పలుచని చెక్క గోడలకు లోపల బరువైన పొర నంటించి పెట్టె తానై పలుకకుండ అణచిరి. అన్నిటికంటె నన్నాకర్షించినది వారి పరీక్ష. తాము ఎఱిగిన మనిషిని వేఱు గదిలో మాటాడించి, ఆ మాటనే స్పీకరులో విని, రెంటిని పోల్చెడివారట. వాద్యమునకు వన్నె పెట్టినను చెవి మోసపోవచ్చును గాని, తెలిసినవారి గొంతు విషయమున మోసపోదు.

మన పద్యమునకు ఇది ఎంత అవసరమో అపుడు తెలిసినది. అచ్చుల బలము క్రింది శ్రుతులలో నుండును. స, శ వంటి హల్లుల గుర్తు చాలవఱకు పై శ్రుతులలో నుండును. క్రిందిది ఉబ్బి పైదానిని కప్పినచో నాదము మిగులును, మాట పోవును. ప్రాసయే హల్లుపై నిలిచినది గదా! కన్నడమునను రెండవ అక్షరముననే ప్రాస గనుక మిత్రుడు వెంటనే తల ఊపెను.

కేసెట్టు పెట్టిరి. నాయనగారు గొంతు సవరించుకొనిరి. పద్యమునకు ముందు ఆయన అట్లు సవరించుకొందురని నేను మఱచియే పోయితిని. కరి వేఱు, మకరి వేఱు. ప్రతి ఒత్తును తూచి పెట్టినట్లుండెను. నాలుగవ పద్యము ముగిసిన పిదప మిత్రుడు చేయెత్తి, ఆ ఆడుమనిషి ఎవరని కన్నడములో అడిగిరి. ఎవరును లేరంటిని. త్రిప్పి మరల వినిపించిరి. వెనుక, వంటయింటినుండి కాబోలు, మా అమ్మ: “కాఫీ చల్లారిపోతోంది.” ఆ కేసెట్టును ఏండ్ల తరబడి వింటిని, ఆ మాట నెన్నడును వినలేదు.

ఆ పెట్టెలకు లోపములు లేకపోలేదు. లోతైన మంద్రము వానికి లేదు. పెద్ద హాలును నింపలేవు. ఈనాటికిని ఫాల్కన్, రోజర్స్ వంటి సంస్థలు వానిని తయారుచేయుచున్నవి గాని, అవి నా పింఛనుకు అందునవి కావు. మిత్రుడు వెల లేని సలహా ఒకటి యిచ్చిరి. మూలనున్న స్పీకరు మంద్రమును గోడలు పెంచును గనుక, మా పెట్టెలను రెండడుగులు ముందునకు జరిపి, పీటలపై చెవి యెత్తునకు లేపి, బేసు తగ్గింపుమనిరి. అట్లే చేసితిని. గది ఇఱుకైనదని ఇంటివారు గొణిగిరి గాని, మనుమడు “మకరి అంటే మొసలి కదా తాతా!” అని అరచెను.

మన యిండ్ల పెట్టెలలో ఇట్టి కేసెట్టులు ఇంకను ఉండవచ్చును. పిల్లలకు తెలుగు రాదని వగచుటకు ముందు, పెద్దల తెలుగు వారి చెవికి సరిగా చేరినదా యని ఒకసారి చూచుకొనవలసినదిగా ప్రార్థించుచున్నాను.

నాలుగవ పద్యము పిదప అమ్మ మాట మా యింట ఇప్పటికిని నీడవలె మాత్రమే తోచును. ఎక్కడ ఉన్నదో నాకు తెలియును గనుక నాకు వినబడును. మనుమడు చెవి యొగ్గి, ఏమియు లేదనును. వచ్చే ఆదివారము వానిని మిత్రుని యింటికి తీసికొని పోవలెను.