ఆ కాలంలో...

పాఠ్యపుస్తకాలలో నాకు బొత్తిగా గిట్టని మాట ఒకటుంది: "ఆ కాలంలో". ఆ కాలంలో బాల్యవివాహాలు జరిగేవి, ఆ కాలంలో ఆడపిల్లలను అమ్ముకునేవారు, తరవాత మహనీయులు పుట్టి వాటిని రూపుమాపారు. పిల్లవాడు ఈ మూడు ముక్కలూ బట్టీపట్టి, మార్కులు తెచ్చుకుని, పుస్తకం మూసేస్తాడు. ఇక ఆ పుస్తకానికీ వాడి వీధికీ ఏ సంబంధమూ ఉండదు. దేన్నయినా నిలదీసే పద్నాలుగు పదిహేనేళ్ళ వయసువాళ్ళకు ఇలాంటి చదువు అంటగట్టడం అన్యాయమని నా అభిప్రాయం.

కృష్ణా జిల్లాలో, సముద్రానికి మరీ దూరం కాని ఒక ఊళ్ళో ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. తొమ్మిదో తరగతిలో గురజాడ ప్రస్తావన వచ్చినప్పుడల్లా "కన్యాశుల్కం" పట్టుకెళ్ళడం నాకు అలవాటు. గిరీశం వెంకటేశానికి చదువు చెప్పే తీరు చూసి పిల్లలు విరగబడి నవ్వుతారు (మా వంక చూస్తూ మరీ నవ్వుతారు, అది వేరే సంగతి). కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లకు కట్టబెట్టే ఘట్టానికి గది దద్దరిల్లుతుంది. చిక్కల్లా నవ్వు అయిపోయాకే. "పాపం, ఆ కాలంలో అలా ఉండేదన్నమాట" అని ముందు బెంచీ ఒక నిట్టూర్పు విడుస్తుంది. దానితో పాఠం సమాప్తం.

అందుకని నిరుడు నాటకంతో కాక పీఠికతో మొదలుపెట్టాను. 1897 నాటి తొలి ముద్రణకు గురజాడ ఇంగ్లీషులో రాసిన పీఠిక అది. విశాఖపట్నం జిల్లాలోని సామాన్య బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్ళపాటు జరిగిన శుల్క వివాహాలకు విజయనగరం మహారాజావారు ఒక జాబితా తయారుచేయించారట. మొత్తం 1034 పెళ్ళిళ్ళు, సగటున ఏడాదికి 344. పెళ్ళికూతుళ్ళలో ఐదేళ్ళవాళ్ళు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ముగ్గురి ఖరీదు తలకు 350 నుంచి 400 రూపాయలు. అంకెలన్నీ బల్ల మీద వేసి ఊరుకున్నాను.

లెక్కల్లో దిట్ట అయిన ఒక కుర్రవాడు లేచాడు. "వెయ్యిన్నీ ముప్ఫైనాలుగును మూడుతో భాగిస్తే రెండు మిగులుతుంది మాస్టారూ. ఆ రెండు పెళ్ళిళ్ళూ ఏమయ్యాయి?" సగటు అంటే ఏమిటో నా తెలుగు తరగతిలో చర్చ జరగడం అదే మొదటిసారి. ఈలోగా ఒకమ్మాయి కింది అంకెలు కూడి 188 అంది. అంటే ప్రతి ఐదారుగురిలో ఒకతెకు వయసు ఐదు దాటలేదు. "మా చెల్లికి ఐదేళ్ళు. ఇంకా 'ర' పలకదు" అన్నాడు మరొకడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అప్పుడు ఇంటిపని ఇచ్చాను. అమ్మకు, అమ్మమ్మకు, నాయనమ్మకు, పెళ్ళయిన అక్క ఉంటే ఆమెకు, ఏ వయసున పెళ్ళయిందో అడిగి చీటీ మీద రాసుకురావాలి. పేర్లు వద్దు, వరస చాలు. అమ్మమ్మల వయసులు తేల్చడం పెద్ద ప్రహసనమయింది. "ఉప్పెన వచ్చిన ఏడాది, నాకు పన్నెండో పదమూడో" అని ఒకావిడ చెప్పిందట. దివిసీమ ఉప్పెన 1977 నవంబరులో వచ్చింది. శారదా చట్టం 1929 నాటిది. అప్పుడు ఆడపిల్లకు కనీస వయసు పద్నాలుగు, 1949లో పదిహేను చేశారు, 1978లో పద్దెనిమిది. చట్టాల తేదీలు పక్కన రాసి చూస్తే ఆ అమ్మమ్మగారి పెళ్ళి జరిగేనాటికే అది చట్టవిరుద్ధం! ఈ సంగతి కనిపెట్టింది మనవరాలే. చట్టం వేరు, ఊరు వేరు అని ఆ పిల్లకు నేను చెప్పవలసిన పని లేకపోయింది.

చీటీలలో అమ్మల వయసులు కూడా పదహారు, పదిహేడు దగ్గరే తచ్చాడాయి. ఒక చీటీలో "అక్క – 16" అని ఉంది. "ఆ కాలం" మా గదిలోకే వచ్చి కూర్చుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20–24 ఏళ్ళ స్త్రీలలో పద్దెనిమిది నిండకుండా పెళ్ళయినవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29.3, తెలంగాణలో 23.5. మిగతా కథ మా సైన్సు టీచరుగారు అందుకున్నారు. రాష్ట్రంలో పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ళ ఆడపిల్లలలో సగానికి మించి రక్తహీనత ఉన్నవారేనని అదే సర్వే చెబుతోంది. ఆ వయసులో గర్భం వస్తే, ఎదుగుతున్న దేహమూ, దానిలో ఎదిగే మరో దేహమూ ఒకే ఇనుము కోసం పోటీపడతాయని ఆవిడ చెప్పిన తీరు నాకు చాలా నచ్చింది.

అందరూ తలలూపుతుంటే ఒక కుర్రవాడు మాత్రం ఎదురుతిరిగాడు. "మా నాన్న చెడ్డవాడు కాదు మాస్టారూ. పది అయ్యాక కాలేజీ పద్నాలుగు కిలోమీటర్లు. బస్సు తొమ్మిదిన్నరకు వస్తుంది, కాలేజీ తొమ్మిదికి. అక్కను ఆటోలో పంపడానికి భయపడ్డాడు." ఆ పీరియడులో నేను విన్నవాటన్నిటిలో విలువైన మాట అదే. శుల్కానికి ఆశపడే అగ్నిహోత్రావధాన్లు వేరు, బస్సు లేక భయపడే తండ్రి వేరు. ఇద్దరినీ ఒకే గాటన కట్టేవాడికి నాటకమూ అర్థం కాలేదు, ఊరూ అర్థం కాలేదు.

ఊళ్ళో ఒక పెద్దాయన వచ్చి, "పాఠం చెప్పండి బాబూ, మా ఇళ్ళల్లో లెక్కలెందుకు?" అని మర్యాదగానే మందలించి వెళ్ళారు. హెడ్మాస్టరుగారు ఆయనకు టీ ఇప్పించారు గాని నన్ను ఆపమనలేదు.

ఆ వారంలోనే ఒక పిల్ల సైన్సు టీచరుగారి దగ్గరకు వెళ్ళి, అయిపోయిన పెళ్ళి రద్దవుతుందా అని అడిగింది. 2006 చట్టం ప్రకారం, మైనరుగా పెళ్ళయినవారు మేజరయిన రెండేళ్ళలోపు రద్దు కోరవచ్చునని, జరగబోయేదయితే 1098కి ఫోను చేయవచ్చునని ఆవిడ చెప్పారు. ఎవరి కోసం అడిగిందో ఆ పిల్ల చెప్పలేదు, ఈవిడా గుచ్చి అడగలేదు. పిల్ల ఈ ఏడు పదో తరగతిలో ఉంది, రోజూ వస్తోంది.

తరగతి అంతా కలిసి బస్సు డిపో మేనేజరుగారికి అర్జీ రాసింది. లేఖారచన ఎలాగూ పాఠ్యప్రణాళికలో ఉన్నదే. మూడుసార్లు తిప్పి రాయించాను. "దయతలచి" అన్న మాట తీసెయ్యాలని పిల్లలే తీర్మానించారు. సంక్రాంతి వెళ్ళాక పొద్దుటి బస్సును ఎనిమిదింటికి మార్చారు. సాయంత్రం బస్సు సంగతి ఇంకా తేలలేదు.