వియత్నాంలో స్ప్రింగ్ రోల్

మన హోటళ్లలో స్ప్రింగ్ రోల్ అనగానే మైదా పొరలో క్యాబేజీ తురుము చుట్టి వేయించి, ఎర్రని సాస్‌తో అందించే పదార్థం గుర్తుకు వస్తుంది. వియత్నాంలో దాని స్వరూపమే వేరు. ఉత్తరాన హనోయ్‌లో దీనిని 'నెమ్ జాన్' అనీ, దక్షిణాన సైగాన్‌లో, అనగా నేటి హో చి మిన్ నగరంలో, 'చా యో' అనీ వ్యవహరిస్తారు.

పై పొర బియ్యపుది. నీళ్లు మరిగే పాత్రపై బిగించిన గుడ్డ మీద పలుచగా పిండి పరచి, ఆవిరిపై ఉడికించి, వెదురు తడికలపై ఎండబెడతారు. సైగాన్ సమీపాన కూచి ప్రాంతపు పల్లెలలో ఆ తడికల వరుసలను చూచినపుడు ఆత్రేయపురం పూతరేకులు జ్ఞప్తికి రాక మానవు. అయితే మనవారు బోర్లించిన వేడి కుండపై రేకు తీసి అందులో నెయ్యి, బెల్లం పెడతారు. అక్కడివారు ఖీమా పెడతారు.

ఆ ఖీమా సాధారణంగా పందిమాంసం. దానిలో ఉల్లి, క్యారట్ తురుము, నల్లని పుట్టగొడుగులు, గుడ్డు, గాజువలె మెరిసే పెసర సేమ్యా కలుపుతారు. పీతమాంసమో, రొయ్యలో చేర్చడమూ కద్దు. పెసర అనగానే మాంసకృత్తులు పుష్కలమని భ్రమపడరాదు. ఆ సేమ్యా పెసలలోని గంజిపదార్థం మాత్రమే. బలమంతా మాంసం, గుడ్లదే. ఇక నూనె సంగతి: గ్రాము మాంసకృత్తులు 4 కేలరీలిస్తే, గ్రాము కొవ్వు 9 ఇస్తుంది.

అసలు విశేషం ప్రక్కనుండే పళ్లెంలో ఉన్నది. లెట్యూస్, పుదీన, కొత్తిమీర మొదలైన పచ్చి ఆకులను గుట్టగా పోసి ఉంచుతారు. వేడి రోల్‌ను ఆకులో చుట్టి, పులుసులో ముంచి తినాలి. బల్లపై రోల్స్ కన్న ఆకులే ఎక్కువగా కనిపిస్తాయి. మన హోటళ్లు ఈ ఆకుల ఊసే ఎత్తకపోవడం మనకు నష్టమే.

ఆ పులుసుకు మూలం 'నూక్ మామ్'. చేపలను ఉప్పులో నెలల తరబడి ఊరవేసి తీసిన రసమది. దానికి నీరు, నిమ్మరసం, పంచదార, వెల్లుల్లి, మిరప కలుపుతారు. కలపని రసం ఒక పెద్ద చెంచాడులోనే 3 గ్రాములకు పైగా ఉప్పుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే చాలంటున్నది. రక్తపోటు గలవారు అంచు తాకించి ఊరుకోవలసిందే. నూనె వద్దనుకొనేవారికి 'గోయి కువన్' ఉన్నది. మాంసం, రొయ్యలు, బియ్యపు సేమ్యా, ఆకులు తడిపిన రేకులో చుట్టి, వేయించకుండానే వడ్డిస్తారు. నా మటుకు అదే మేలు.

మాంసం ముట్టనివారు 'చాయ్' అన్న బోర్డు వెదకాలి. అక్కడ దానికి తేనీరని కాదు, బౌద్ధ శాకాహారమని అర్థం. చాంద్రమాసపు మొదటి రోజున, పదిహేనవ రోజున అటువంటి భోజనశాలలు కిటకిటలాడుతాయి. కాస్త ముందుగా వెళ్లడం మంచిది.